రేకుల కింద పచ్చిక

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదు. ఇరవై రెండేళ్ళవాడికి ఇంత తెలివేమిటని రఘునాథపల్లి మొత్తం ముక్కున వేలేసుకునేది (మొత్తమంటే మా నాయినమ్మ ఒక్కతే). మా పటేలు ఏదో చలిదేశంలో పైకప్పున్న స్టేడియం చూసొచ్చి, ఊరి పక్క ఆటస్థలానికి నాలుగు గోడలు కట్టించి పైన వెలుతురు దిగే రేకులు కొట్టించాడు. గాలి దూరే సందు లేదు. ఎండాకాలం లోపలికి పోతే ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టే. అందులో ఆ దేశపు గడ్డి గింజలే చల్లించి, నన్ను మాలీగా పెట్టుకున్నాడు. "వానాకాలంల ప్రారంభం. ఆనాటికి పచ్చగుంటెనే నీకు నౌకరి, లేకుంటె మీ బాపు నాగలే" అన్నాడు.

గడ్డి మొలిచింది. వారానికి పసుపెక్కింది. వేరు బెత్తెడు దిగకముందే ఉడికిపోయింది. నీళ్ళు పెడితే ఆవిరి, ఆవిరికి బూజు. "రేకులు జర తీయించు పటేలా, గాలాడుతది" అని ముఖం మీదే అన్నాను (అనలేదు. గొంతు దాకా వచ్చింది). చలిదేశం వాళ్ళు వెచ్చదనం కోసం కప్పుకున్న దుప్పటిని, మండే ఊళ్ళో తెచ్చి కప్పిన మహానుభావుడికి చెప్పేదెవరు?

ఇక పదిహేను రోజులే. ఇంట్లో గుమ్మిలోని విత్తనపు వడ్లు దొంగిలించి, నానబెట్టి, మొలకలు చల్లేశాను. ఆ ఉక్కకు పరుగెత్తుకుంటూ లేచాయి! పటేలు చెప్పులు విడిచి నడిచాడు. ముప్ఫై ఎకరాల వరి ఉన్న మనిషి, "గిదీ ఫారిన్ గడ్డంటె!" అని మురిసిపోయాడు.

ప్రారంభం నాడు నా ఘనత చూడ్డానికి నాయినమ్మ వచ్చింది. వంగి ఒక పోచ పీకి, అందరి ముందూ, "నారు జర ఎక్కువ సాగింది గని, గివి మన గుమ్మిల వడ్లే కదరా! నాటేసుడెప్పుడు బిడ్డా?" అంది.

"ఏందిరా గిది?" పటేలు ఉరిమాడు.

"గడ్డి జాతే పటేలా" అన్నాను.

వచ్చిన పెద్దలు పకపకా నవ్వారు. నా నౌకరీ అక్కడికక్కడే ఊడింది. "విత్తనం ఆగం చేస్తవా? పీకు!" అని నాయినమ్మ నా చేతే నారు పీకించి, మోపులు కట్టించి, మా మడికి మోయించింది. ఆ మధ్యాహ్నం ఆరుబయట గాలికి, మోకాటి లోతు బురదలో ఆమె పక్కన వంగి నాటేస్తుంటే కంట చుక్క రాలేదు నాకు.

(వచ్చింది. బురద చిందిందని చెప్పాను. ఆమె నమ్మినట్టే తలూపి, కొంగు అందించింది.)