కోటేశ్వరమ్మ గారి బండి

సీతారాములు ఇరవై రెండేళ్లుగా బండ్లు నడుపుతున్నాడు. వాటిలో ఒక్కటీ అతనిది కాదు. పదో తరగతి తప్పి మునుగోడు దగ్గరి పల్లె నుంచి హైదరాబాదు వచ్చినప్పుడు లారీ మీద క్లీనరుగా చేరాడు. తర్వాత డాక్టర్ల కార్లు, కాంట్రాక్టర్ల జీపులు, పెళ్లిళ్లకు కిరాయి బండ్లు నడిపాడు. రెండు వేల పదకొండు నాటికి హయత్‌నగర్ అవతల ఒక ఇంజనీరింగు కాలేజీలో బస్సు డ్రైవరు. మీర్‌పేట్‌లో రెండు గదుల సొంత ఇల్లు కట్టుకున్నాడు. పొద్దున పిల్లలను కాలేజీలో దించాక సాయంత్రం దాకా ఖాళీయే కాబట్టి, ఎవరికి ఒక పూట డ్రైవరు కావాలన్నా వెళ్లేవాడు.

చుట్టుపక్కల ఎవరు పాత కారు కొనాలన్నా అతన్నే వెంటబెట్టుకుపోయేవాళ్లు. బానెట్ ఎత్తకముందే ఇంజను చప్పుడు విని సగం జాతకం చెప్పేవాడు. ఒకరికి బాగా కుదిరిన బండి చూపించి ఇంటికొచ్చిన రోజు మాత్రం కాస్త ముభావంగా ఉండేవాడని అతని భార్య అండాలమ్మ అంటుంది.

ఇంట్లో అతనూ అండాలమ్మా, ఇద్దరు ఆడపిల్లలూ, తల్లి ఇంద్రమ్మ. ఉన్నది ఒక్క స్కూటరు. ఇంద్రమ్మకు మోకాళ్లు వంగవు. ఆ ఎండాకాలం ఒక బంద్ రోజు ఆమె స్నానాలగదిలో జారిపడింది. ఆటోలు లేవు, బస్సులు లేవు. సీతారాములు కూరగాయల తోపుడుబండి అడిగి తెచ్చి, దాని మీద బొంత పరిచి తల్లిని పడుకోబెట్టి దవాఖానకు తోసుకుపోయాడు. ఇంద్రమ్మ దారి పొడుగునా కొంగు ముఖం మీద కప్పుకుంది. ఎండకు కాదు, నలుగురూ చూస్తున్నారని.

ఆ రాత్రే కారు కొనాలని నిశ్చయించుకున్నాడు. చిన్న కారు పనికిరాదు, తల్లి కాళ్లు చాపుకోవాలి. వెనక డిక్కీ ఉండే పొడుగాటి బండి కావాలి. తల్లి నడుము నుంచి మడమ దాకా దారంతో కొలిచి, ఆ దారం చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. ప్రతి ఆదివారం ఎల్బీనగర్ రింగురోడ్డు పక్కన పాత కార్లు అమ్మే చోట్లకు పోయి, ముందు సీటు వెనక్కి జరిపి ఆ దారం పెట్టి చూసేవాడు.

ఒక తెల్ల బండి దారానికి సరిపోయింది కానీ, తలుపు రబ్బరు లేపితే కింద ఎండిన ఒండ్రు కనబడింది. ఎక్కడో వరదలో మునిగి తేలిన బండి. ఇంకొకటి మీటరు చూస్తే ముప్పై వేలు తిరిగింది, బ్రేకు పెడలు చూస్తే అరిగి నున్నబడింది. మూడోది అన్నివిధాలా బాగుంది, ధర మాత్రం అతని చేతికి అందలేదు. రెండు నెలలు ఇట్లాగే గడిచాయి.

కోటేశ్వరమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో కర్రీ పాయింటు నడిపేది. ఊరు గుడివాడ దగ్గర. ఇరవై ఏళ్ల కింద భర్తతో వచ్చి ఇక్కడే ఉండిపోయింది. పిల్లలు లేరు. ఆయనకు జబ్బు చేసినన్నాళ్లూ సెలవు రోజుల్లో విజయవాడ వైద్యుడి దగ్గరికి వాళ్ల కారు నడిపింది సీతారాములే. ఆయన పోయాక కూడా నెలకోసారి వెళ్లి ఇంజను తిప్పి, టైర్లలో గాలి చూసి వచ్చేవాడు. వెండి రంగు బండి. ముందు సీటు వెనక్కి జరిపితే ఒక మనిషి కాళ్లు చాపి నిద్రపోవచ్చు. దారం పెట్టి చూడనక్కరలేదు, అతనికి తెలుసు. అది అమ్మకానికి లేదు కాబట్టి ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం కోటేశ్వరమ్మ దుకాణం షట్టరు సగం దించి, అతని కోసం పప్పు పక్కన పెట్టి కూర్చుంది.

"తమ్ముడూ, ఒక మాట అడగనా? మన బండి గుడివాడలో కొన్నది, నంబరు ఏపీ పదహారు కదా. నంబరు చూడగానే కృష్ణా జిల్లా అని తెలిసిపోతుంది. అలాంటి బండి అద్దాలు ఎక్కడో పగలగొట్టారని మా వదిన ఫోన్లో చెప్పింది. నిజమేనంటావా?"

సీతారాములుకు జవాబు తెలుసు. తెలంగాణ కోసం ఎల్బీనగర్ చౌరస్తాలో వేసిన టెంటులో అతనూ కూర్చుంటాడు. జూన్‌లో రోడ్డు మీద వంటావార్పు చేసిన రోజు ఈవిడే రెండు గిన్నెల పులిహోర పంపింది. ఆ గిన్నెలు మోసింది తనే. టెంటులో ఉండే కుర్రవాళ్లలో సగం మంది ఈమె దగ్గరే కూరలు కొంటారు, 'అమ్మా' అనే పిలుస్తారు. ఆమె బండి మీద ఈ చుట్టుపక్కల ఎవరూ చెయ్యి వెయ్యరు. ఆ మాట చెప్పడానికి అతనికి నిమిషం పట్టదు.

నోరు తెరిచాడు. చెయ్యి మాత్రం జేబులో దారం మీదికి పోయింది.

"ఏం చెప్తమమ్మా, రోజులు మంచిగ లేవు" అన్నాడు.

కోటేశ్వరమ్మ అతని ముఖంలోకి చూసింది. "అమ్మేయమంటావా?"

"మీ ఇష్టమమ్మా. నేనెట్ల చెప్త?"

"ఈ నంబరు చూసి ఇక్కడ ఎవరు కొంటారులే!"

సీతారాములు పప్పు గిన్నె మూత పెట్టుకుంటూ, "జర చూస్త, ఎవరన్న ఉంటె చెప్త" అన్నాడు. రెండు రోజులు ఆగి మళ్లీ వెళ్లి, తనే తీసుకుంటానన్నాడు. మూడు లక్షలు పలికే బండిని రెండుకు ఇచ్చేసింది. బేరమాడింది కూడా లేదు. తాళాలు చేతిలో పెడుతూ, "నా బెంగ తీర్చావు తమ్ముడూ. తెలిసినవాడివి, దాన్ని బాగా చూసుకుంటావు" అంది.

బండి మీర్‌పేట్ గల్లీలోకి రాగానే పిల్లలు సంధ్యారాణి, సంతోషి వెనక సీటెక్కి దిగమంటే దిగలేదు. ఇంద్రమ్మ ముందు సీట్లో కాళ్లు చాపి, "మంచిగున్నది బిడ్డా" అని డాష్‌బోర్డు నిమిరింది. అండాలమ్మ పసుపు కుంకుమ పెట్టి, డిక్కీ తెరిచి చూసి, మెల్లగా అడిగింది.

"గింత మంచి బండి గంత తక్కువకెట్ల ఇచ్చిందామె?"

"ఇచ్చింది, తీస్కున్న. ఇంకేంది?"

అండాలమ్మ డిక్కీ మూసేసింది. సీతారాములు మాత్రం ఆ రోజు నుంచి, అబద్ధమేమీ ఆడలేదు గదా అని తనకు తానే చెప్పుకునేవాడు. చెప్పుకున్న కొద్దీ, "నా బెంగ తీర్చావు" అన్న మాటే చెవిలో పడేది. పప్పు కొనడానికి కూడా ఆ గల్లీకి పోవడం మానేశాడు.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి, కాలేజీకి సెలవు ఇచ్చారు. ఒకరోజు ఇంద్రమ్మను మోకాలికి సూది వేయించడానికి బండిలో తీసుకుపోతున్నాడు. అండాలమ్మ వెనక కూర్చుంది. ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో. రోడ్డుకు అడ్డంగా జనం కూర్చున్నారు. బండి ఆపగానే, అతనికి తెలియని మనిషొకడు నంబరు ప్లేటు చూసి బానెట్ మీద దబదబ కొట్టాడు.

"ఏపీ పదహారు! ఏడికి పోతున్నవ్? దిగు!"

సీతారాములు గబగబా తలుపు లాకు నొక్కాడు. తను ఇక్కడివాడే, ఈ టెంటులో కూర్చున్నవాడే. అయినా ఆ క్షణంలో అదేదీ అక్కరకు రాలేదు. కోటేశ్వరమ్మ ఫోన్లో విని భయపడింది దీనికే. ఒక్క మాటతో తీర్చగలిగి కూడా తను తీర్చకుండా వదిలేసిన భయం ఇదే.

ఇంతలో ఆటో నడిపే శేఖర్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఆ టెంటును ముందుండి నడిపేది అతనే.

"అరే, చెయ్యి తియ్యిరా! గది మన కర్రీ పాయింట్ అమ్మ బండి. అమ్మ బండినే ఆపుతవా? జరుగుండ్రి, తొవ్వియ్యుండ్రి!"

కొట్టినవాడు నాలుక కరుచుకుని, బానెట్ మీద పడ్డ తన చేతి మరకను కండువాతో తుడిచాడు. కూర్చున్నవాళ్లు లేచి దారి ఇచ్చారు. శేఖర్ కిటికీలోంచి తొంగిచూసి, "నువ్వా అన్నా? అమ్మ ఏది? వారం దినాలయె దుకాణం తెరుస్తలేదు. పాణం బాగలేదా?" అన్నాడు.

"ఏమో... చూస్త" అన్నాడు సీతారాములు. జనం ఇచ్చిన దారిలోంచి బండి పోనిచ్చాడు.

సూది వేయించి తిరిగి వస్తుంటే, ముందు సీట్లో ఇంద్రమ్మకు కునుకు పట్టిందని చూసి, వెనక నుంచి అండాలమ్మ మెల్లగా అంది: "నీకు ముందే తెల్సు. ఆ బండిని ఎవ్వరేం అనరని నీకెర్కనే." ఇంకాసేపటికి, "నాకు గుడ ఆ దినమే అనుమానమొచ్చింది. డిక్కీ చూస్కుంట ఊకున్న" అని ముఖం పక్కకు తిప్పుకుంది.

తల్లిని ఇంటి దగ్గర దింపి అతను నేరుగా కోటేశ్వరమ్మ ఇంటికి పోయాడు. ముందు గదిలో గిన్నెలు గోనె సంచుల్లో కట్టి ఉన్నాయి. ఆమె ఒక పెద్ద డేగిసాకు తాడు బిగిస్తోంది.

"గురువారం మా అన్నయ్య లారీ పంపిస్తున్నాడు. గుడివాడ వెళ్లిపోతున్నాను" అంది.

"ఎందుకమ్మా?"

"ఎందుకేమిటి తమ్ముడూ! రోజులు మంచివి కావని నువ్వే కదా అన్నావు. ఇక్కడివాడివి, నీకు తెలియకుండా ఉంటుందా? బండికే భయమైతే మనిషికి భయం ఉండదా?"

సీతారాములు గడప దగ్గరే కింద కూర్చుండిపోయాడు. తల ఎత్తకుండా అంతా చెప్పాడు. టెంటులో ఆమెను ఏమనుకుంటారో, ఆ రోజు నోటిదాకా వచ్చిన మాట ఎందుకు మింగాడో, తోపుడుబండి మీద తల్లి, జేబులో దారం, ఈ పొద్దున చౌరస్తాలో జరిగింది. ఏదీ దాచలేదు.

కోటేశ్వరమ్మ తాడు వదిలేసింది. 

"ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

"నిద్ర పడ్తలేదమ్మా."

"అంటే నీ నిద్ర కోసమా?" ఆమె గొంతు పెరగలేదు. "ఈ నెల రోజులూ నేను ఈ తలుపుకు గడియ పెట్టి, దానికి అడ్డంగా బల్ల జరిపి పడుకున్నాను. కూరలకొచ్చిన పిల్లల ముఖాలు చూసి, వీళ్లలో ఎవరు రాయి వేస్తారో అనుకున్నాను. అన్నం పెట్టిన పిల్లల్ని పట్టుకుని!"

అతను తాళాలు తీసి నేల మీద పెట్టాడు. ఆమె వాటి వైపు చూడలేదు.

"అవి నాకెందుకు? చెప్పాల్సింది నాకొక్కదానికే కాదు. మా దుకాణం యజమాని దశరథ గారికి చెప్పు. మీ మధ్య నాకు భయంగా ఉందని ఆయన ముఖం మీదే అనేసి షట్టరు ఖాళీ చేశాను. ఆ పెద్దాయన కళ్లజోడు తీసి అలాగే కూర్చున్నాడు."

దశరథ సరూర్‌నగర్ పాత రైతు కుటుంబం మనిషి. పొలాలు పోగా మిగిలిన స్థలంలో దుకాణాలు కట్టి కిరాయికి ఇచ్చాడు. సీతారాములు వెళ్లేసరికి వరండాలో శేఖర్, ఇంకో నలుగురు ఉన్నారు. వాళ్లు పోయేదాకా ఆగాలనిపించింది. ఆగితే మళ్లీ చెప్పలేనని వాళ్ల ముందే చెప్పాడు.

దశరథ అంతా విని, "ఇరువై ఏండ్ల సంది నా దుకాణంల ఉన్న ఆడబిడ్డ, నన్ను చూసి భయమైతున్నదన్నది. నేనేం తప్పు చేసిన్నని మూడు దినాలు ఆలోచన చేసిన" అని చెప్పులు తొడుక్కున్నాడు. "నడువు, పోదాం" అన్నది అతనితో కాదు, శేఖర్‌తో.

శేఖర్ మెట్లు దిగుతూ ఆగాడు. "మనం టెంటుల కూసున్నది ఎందుకన్నా? నువ్వు గదే అడ్డం పెట్టి బేరం జేసినవ్" అన్నాడు. ఆ తర్వాత చాన్నాళ్లు అతను సీతారాములుతో మాట్లాడలేదు.

కోటేశ్వరమ్మ గుడివాడ వెళ్లలేదు. దశరథ, శేఖర్ ఆమె ఇంట్లో ఏం మాట్లాడారో సీతారాములుకు తెలియదు. లారీ మాత్రం ఖాళీగా తిరిగిపోయింది. అయితే ఆమె షట్టరు అప్పటికే ఒక సెల్‌ఫోన్ల దుకాణానికి పోయింది. దశరథ తన ఇంటి పక్క గది ఇచ్చాడు. అది గల్లీ లోపల, దారిన పోయేవాళ్లకు కనబడదు. పాత బేరంలో సగం కూడా రావడానికి ఏడాది పట్టింది. బండికి తగ్గించిన లక్ష ఇచ్చేదాకా తను అది ఎక్కనని అండాలమ్మ పట్టుబట్టింది. సీతారాములు పెళ్లిళ్ల సీజన్లలో బయటి బండ్లు నడిపి రెండేళ్లలో ఇచ్చేశాడు. కోటేశ్వరమ్మ లెక్కపెట్టకుండానే తీసుకుంది. "సరేనండీ సీతారాములు గారూ" అంది. తమ్ముడూ అనలేదు.

ఇంద్రమ్మ ఆ బండిలో కాళ్లు చాపుకుని దవాఖానకు, బంధువుల ఇళ్లకు తిరిగింది. ఆమెకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. "నా కొడుకు నా కోసం కొన్నడు" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా సీతారాములు ఏదో పని ఉన్నట్టు బయటికి పోయేవాడు.

రాష్ట్రం వచ్చిన రోజు పొద్దున దిల్‌సుఖ్‌నగరంతా రంగులు, డప్పులు. కోటేశ్వరమ్మ గల్లీ మొదట్లో బల్ల వేసుకుని వచ్చినవాళ్లందరికీ కాగితంలో లడ్డు పెట్టి ఇస్తోంది. శేఖర్ పక్కన నిలబడి అందిస్తున్నాడు. సీతారాములు వరుసలో నిలబడ్డాడు. తన వంతు రాగానే ఆమె అందరికీ ఇచ్చినట్టే అతనికీ ఒకటి ఇచ్చి, వెనకవాళ్లను రమ్మని చెయ్యి ఊపింది. అండాలమ్మకు ఇంకొకటి అడుగుదామనుకున్నాడు. అడగకుండానే పక్కకు జరిగాడు. ఉన్నది సగం తుంచి నోట్లో వేసుకుని, మిగతా సగం కాగితంలో చుట్టుకుని ఇంటి దారి పట్టాడు.