ఆ నివేదిక మీద ఆవిడ పేరు

మా మేడమ్ పోయారన్న సంగతి నాకు మెట్రోలో తెలిసింది. ఒకప్పుడు ఆవిడ పనిచేసిన పరిశోధన కేంద్రం వాళ్ళు పాత విద్యార్థుల గ్రూపులో ఇంగ్లీషులో సందేశం పెట్టారు. డిజిటల్ మార్పుకు దారి చూపిన ఒక మార్గదర్శిని కోల్పోయామట. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేను తర్వాతి స్టేషన్లో దిగి, బెంచీ మీద కూర్చుని మేడమ్ వాళ్ళ అక్కకు ఫోన్ చేశాను. ఆవిడ ఢిల్లీ ఆస్పత్రుల్లో నర్సుగా చేసి రిటైరైన మనిషి. గొంతు తొణకలేదు.

"అవునమ్మా. పొద్దున టీ ఇద్దామని లేపితే లేవలేదు. నీకెవరు చెప్పారు?"

గ్రూపులో చూశానన్నాను. అందులో ఏం రాశారో మాత్రం చెప్పలేకపోయాను.

మా మేడమ్ నా పిహెచ్.డి. గైడు. బాపట్ల దగ్గర ఒక పాస్టరు గారి రెండో కూతురు. అక్క ఉద్యోగం చేసి చదివిస్తే ఢిల్లీలో చదువుకుని, ఇక్కడే పాఠాలు చెప్పారు. కాగితాల మీద నడిచే పనులన్నీ కంప్యూటర్లలోకి ఎక్కాక మామూలు మనుషులకు ఏం జరుగుతోందన్నదే ఆవిడ జీవితమంతా చదివిన విషయం. నేను బేర్ సరాయ్‌లో కిటికీ లేని గదిలో ఉంటూ రాసిన మొదటి ప్రతిపాదనలో నాకే సరిగా అర్థం కాని పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు చాలా ఉండేవి. ఆవిడ ఓపిగ్గా చివరిదాకా చదివి, కళ్ళజోడు తీసి, "బాగుంది గానీ, ఇందులో ఎవరికేమైందో చెప్పమ్మా" అన్నారు. మర్నాడే తనతో రేషన్ షాపుకి తీసుకెళ్ళారు.

"లైన్లో నిలబడకుండా లైను గురించి రాయొద్దు" అనేవారు. చెప్పడమే కాదు, నిలబడేవారు. ఊరి చివర, మురికివాడలు ఖాళీ చేయించి జనాన్ని తెచ్చి పడేసిన కాలనీలో ఉండేది ఆ షాపు. సంచిలో జామకాయలు, ఉప్పు పొట్లం వేసుకుని వచ్చేవారు. వచ్చీ రాగానే ప్రశ్నలు అడిగేవారు కాదు. పక్కనున్న వాళ్ళకి కాయ కోసిచ్చి, వాళ్ళు చెప్పేదానికి "అచ్ఛా, అచ్ఛా" అంటూ వినేవారు. నేను రాసిన దాంట్లో లబ్ధిదారు అన్న మాట కనబడితే కొట్టేసేవారు. వాళ్ళకి ఏం లభించిందని ఆ పేరు పెట్టావని అడిగేవారు.

ఆ లైన్లోనే మాకు ఒక అవ్వ పరిచయమైంది. నలుగురి ఇళ్ళల్లో అంట్లు తోమి బతికింది. వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. షాపులో వేలిముద్ర మెషీన్ మీద వేలు పెడితే ఎర్రలైటు వెలిగేది. తుడుచుకుని మళ్ళీ పెట్టేది, మళ్ళీ ఎర్రలైటే. కొన్ని నెలలకు ఆ ఇబ్బంది కూడా లేకుండా పోయింది. ఆమె చనిపోయిందని కంప్యూటర్లో ఎవరో నమోదు చేశారు. రేషన్ ఆగింది, దాని వెనకే వితంతు పెన్షన్ కూడా.

మేడమ్ ఆమెను ఆటోలో ఎక్కించుకుని రేషన్ ఆఫీసుకు తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. అక్కడి అధికారి మంచివాడే. కుర్చీ వేయించాడు, నీళ్ళు తెప్పించాడు. తెర చూసి, "మాతాజీ, సిస్టమ్‌లో మీరు లేరు" అన్నాడు.

"మీ ఎదురుగా కూర్చుంది కదా, మీరు నమ్మరా?" అని మేడమ్ హిందీలో అడిగారు.

"నేను నమ్ముతాను మేడమ్. సిస్టమ్ నమ్మదు."

ఆ శీతాకాలమంతా తిరిగాం. ఈ ఆఫీసు ఆ ఆఫీసుకు పంపింది, అక్కడి వాళ్ళు వెబ్‌సైట్‌లో పెట్టుకోమన్నారు, వెబ్‌సైట్ అవ్వ వేలిముద్ర అడిగింది. మేడమ్ తన వంటింట్లోంచి బియ్యం, పప్పు మోసుకెళ్ళేవారు. అవ్వ తీసుకునేది గానీ మొహం తిప్పుకునేది. నాది నాకు ఇప్పించు బేటీ, నీది నాకెందుకు అని ఒకసారి అనేసింది. ఎండలు ముదరకముందే అవ్వ పోయింది. ఆ తర్వాత మా ఫిర్యాదుకు జవాబొచ్చింది. రికార్డు పరిశీలించామనీ, అందులో పొరపాటేమీ లేదనీ రాశారు. నిజమే, అప్పటికి లేదు.

మేడమ్ ఆ జవాబు చదివారు. తర్వాత మా అధ్యయన నివేదికలో అవ్వ గురించి ఒక అధ్యాయం రాశారు. ఆ మెషీన్ల మీద మా అధ్యయనానికి డబ్బిచ్చిన ప్రభుత్వ శాఖకు అది నచ్చలేదు. ఒక్కరి కథ డేటా కాదని, అది తీసేయమని పరిశోధన కేంద్రం డైరెక్టర్ చెప్పాడు. తీయనన్నారు మేడమ్. ఆవిడకు చెప్పకుండానే వాళ్ళు తీసేసి, మెషీన్లను ఇంకా విస్తరించాలన్న సిఫారసు చేర్చి, నివేదిక విడుదల చేశారు. అట్ట మీద అన్నిటికన్నా పైన ఆవిడ పేరే. నా పేరు తీసేయండని ఆవిడ అడిగితే, ఫైలు అప్‌లోడ్ అయిపోయింది మేడమ్, ఇప్పుడు మార్చడం కుదరదన్నారు. ఆ ఏడాది ఆవిడ కాంట్రాక్టు పొడిగించలేదు.

ఆ తర్వాత ఆర్.కె. పురం దగ్గర అక్కాచెల్లెళ్ళు అద్దెకున్న ఇంట్లోనే నా థీసిస్ పూర్తయింది. మా గైడు మారారని కాగితాల మీద ఉంది గానీ, ప్రతి పేజీ చదివింది ఆవిడే. అవ్వ అధ్యాయం నా థీసిస్‌లో ఉండాలని నేనంటే, నీ డిగ్రీ వచ్చాక వేరేగా అచ్చు వేసుకో, నా పోట్లాటకి నిన్ను బలిపెట్టనని ఒప్పుకోలేదు. నాకు నోయిడాలో ఉద్యోగం వచ్చాక దాన్ని ఒక పత్రికలో ఇద్దరి పేర్లతో వేయించాం. ఎంతమంది చదివారో తెలియదు. అయినా నాకు చదవడం, వినడం, ఒక మాట రాసేముందు ఆగడం నేర్పింది ఆవిడే.

ఆవిడను శాంతమూర్తి అని రాస్తే అబద్ధమవుతుంది. ఊపిరితిత్తులు పాడై, నాలుగు మాటలకోసారి ఆగాల్సివచ్చిన రోజుల్లో కూడా డైరెక్టర్ ప్రస్తావన వస్తే మొహం ఎర్రబడేది. వదిలేయండి మేడమ్ అన్నాను ఒకసారి.

"నేను వదిలేస్తే ఇంకెవరు పట్టుకుంటారమ్మా?" అన్నారు, రొప్పుతూ.

చర్చిలో జరిగిన ప్రార్థనకు డైరెక్టర్ తెల్లపూల దండతో వచ్చాడు. రెండు మాటలు చెబుతానని అడిగి ముందుకెళ్ళి, టెక్నాలజీ చిట్టచివరి మనిషికి చేరాలని ఆవిడ కలగన్నారని చెప్పాడు. అప్పుడు మొదటి వరసలోంచి అక్క లేచారు.

"ఆ పుస్తకం మీద తన పేరు తీసేయమని మా చెల్లి అడిగింది గదా. తీశారా?" అని తెలుగులో అడిగి, ఆయనకు తెలుగు రాదని గుర్తొచ్చి మళ్ళీ హిందీలో అడిగారు.

ఆయన "చూస్తాను ఆంటీ" అని వచ్చి కూర్చున్నాడు. నేను ఇది రాసేముందు వాళ్ళ వెబ్‌సైట్ తెరిచి చూశాను. ఆ నివేదిక ఉంది. పేరూ ఉంది.

పోయిన ఆదివారం అక్క దగ్గరకు వెళ్ళాను. బాల్కనీలో పల్చటి ఎండలో కూర్చుని స్వెట్టర్ అల్లుతున్నారు. చెల్లెలి కోసం చలికాలం మొదట్లో మొదలుపెట్టారట. ఒక చెయ్యి మిగిలిపోయిందని, ఊలు పారేయడమెందుకని పూర్తిచేస్తున్నానన్నారు. నేను పక్కన కూర్చుని టీ తాగుతుంటే చివరి వరస ముగించి, పోగు తెంపి, స్వెట్టర్ తొడుక్కున్నారు. చెల్లెలు ఆవిడకన్నా పొడుగరి. రెండు చేతులూ వేళ్ళు దాటి కిందకు వేలాడాయి. ఆవిడ వాటిని మడవలేదు. అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.