సబ్బు రుద్దుకుని అడవి దున్న కోసం

"నాన్న మాట షిఫ్టు లెక్క. ఎప్పుడు మారుతదో తెల్వదు." మా షారోన్ వాళ్ల అమ్మమ్మతో అంటుంటే విన్నాను. పదేళ్ల పిల్ల. అడవి దున్నను నేను కళ్లారా చూశానని, నీకూ చూపిస్తానని మూడేళ్లుగా ఊరించి, ప్రతిసారీ కొత్తగూడెం బొగ్గుగనిలో డ్యూటీ పడిందని తప్పించుకున్నాను. తప్పు నాదే అయినా ఆ మాట చురుక్కుమంది. 2006 క్రిస్మస్‌కు బోనకల్‌లో మా అత్తగారింట్లో ఉన్నాం. ఎల్లుండి మధ్యాహ్నం మూడింటికి నాకు డ్యూటీ. "రేపు పొద్దున్నే పోతున్నం" అన్నాను. షారోన్ నమ్మలేదు, బూట్లు కూడా బయటికి తీయలేదు.

రోజుకు ఎనిమిది వందల కిరాయి, డీజిల్ మాది. అలా ఊళ్లో యాకూబ్ అనే డ్రైవరు జీపు మాట్లాడుకుని తెల్లవారి ఐదింటికి బయలుదేరాం. ఖమ్మంలో ఇడ్లీలు తిని, ఇల్లెందు మీదుగా టేకులపల్లి దాటేసరికి తొమ్మిదిన్నర. అక్కడి నుంచి రోడ్డుకు రెండు వైపులా అడవే.

"అంకుల్, దున్న రోడ్డు మీదికి వస్తదా?" అంది షారోన్.

"వచ్చిందంటే జీపు దానిదే బిడ్డా. మనం దిగి నడుసుడే" అన్నాడు యాకూబ్.

పాల్వంచలో అటవీశాఖ వాళ్ల అనుమతి కాగితం తీసుకుని, కొంతదూరం పోయాక భద్రాచలం రోడ్డు వదిలి మట్టిబాట పట్టాం. గంటసేపు ఎగిరెగిరి పడి, ఒంటిగంటకు ఒక కోయగూడెం చేరాం. అడవిలో దారి చూపే సోమయ్య తాత ఇంటి వెనక టార్పాలిన్ కట్టుకున్నాం.

ఒళ్లంతా ఎర్రదుమ్ము. గని మనిషిని కదా, దుమ్ము కనబడితే చేయి సబ్బు మీదికే పోతుంది. బోరింగు దగ్గర ముగ్గురం బాగా రుద్దుకుని స్నానాలు చేశాం. మా ఆవిడ మరియమ్మ విడిచిన బట్టలు కూడా ఉతికి ఆరేసి, షారోన్‌కు పౌడరు అద్దింది. నాలుగింటికి తాత వెంట వెళ్లి నీటికుంట పక్క పొదలో కూర్చున్నాం. అవతలి ఒడ్డుకు దుప్పులు వచ్చాయి, తలలెత్తాయి, ఒక్క అరుపు అరిచి మాయమయ్యాయి. చీకటి పడేదాకా మరేదీ రాలేదు.

తాత నా భుజం దగ్గర ముక్కు పెట్టాడు. "ఏంది సారూ గిది! మనకన్న ముందే మన వాసన పోయింది. సబ్బు రుద్దుకొని పెండ్లికి పోతరు గానీ, దున్న కాడికి పోతరా?"

మరియమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. షారోన్ మాత్రం నవ్వలేదు. "రేపు నీకు డ్యూటీ కదా నాన్నా" అంది, అంతే. నాకు అన్నం సయించలేదు.

తెల్లవారకముందే తాత మమ్మల్ని పొయ్యి పొగలో కూర్చోబెట్టి, పొగచూరిన తన పాత గొంగడి ఇచ్చాడు. నేనూ షారోనూ అది కప్పుకుని అదే పొదలో నక్కాం. ఆరున్నరకు తాత నా మోకాలు నొక్కాడు. సరిగ్గా అప్పుడే దగ్గు! పద్దెనిమిదేళ్లు బొగ్గుదుమ్ము మింగిన గొంతు, దానికి తోడు పొగ. దగ్గానో, మూడేళ్ల మాట గంగలో కలిసినట్టే. గొంగడి అంచు నోట్లో కుక్కుకుని, తల మోకాళ్ల మధ్య పెట్టి బిగబట్టాను. కళ్ల వెంట నీళ్లు కారాయి. షారోన్ వేళ్లు నా చేతిని గట్టిగా పట్టుకున్నాయి. తలెత్తేసరికి కుంటలో నీళ్లు కదులుతున్నాయి, ఒడ్డున ఏమీ లేదు.

తిరిగి వస్తూ జీపులో షారోన్ నోరు మూతపడలేదు. "నాన్నా, నువ్వు చెప్పింది తప్పు. దున్న కాళ్లు మొత్తం నలుపు కాదు. మోకాళ్ల కింద తెల్లగ, మేజోళ్లు తొడుక్కున్నట్టు ఉంటయ్. అప్పుడు నువ్వు సరిగ్గ చూడలేదా?"

ఇంకో అబద్ధం నాలుక మీదికి వచ్చింది. సిగ్గేసింది. "నేనెన్నడు చూడలే బిడ్డా. గనిల తోటోళ్లు చెప్పిందే నీకు చెప్పిన. ఇయ్యాల గూడ చూడలే, దగ్గు ఆపుకుంట కూసున్న."

షారోన్ నా వైపు తిరిగి కూర్చుంది. "అయితే మల్ల పోదాం. ఈసారి నీకు నేను చూపిస్త."

మూడింటికి ఐదు నిమిషాల ముందు గని గేటు దగ్గర దిగాను. ఆ రోజు లోపలికి దిగుతుంటే మనసు ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను. పిల్లకు నేను అడవిని చూపించాననుకుంటే, అడవి ఎలా ఉందో పిల్లే నాకు చెప్పింది. అటు వెళ్లాలనుకునేవాళ్లకు ఒకటే సలహా: ముందురోజు నుంచే సబ్బు, పౌడరు, సెంటు మానేయండి. నేనైతే దగ్గుకు లవంగాలు కూడా కొని పెట్టుకున్నాను. ఈసారి మాటిచ్చిన పదేళ్ల మనిషికి షిఫ్టులు లేవు.