రాజుగారి విందుకు అరువు బట్టలు

1954 డిసెంబరు 3, శుక్రవారం, మధ్యాహ్నం రెండున్నర. కమలాపురం దగ్గరి ఒక పల్లెలో, మిషన్ బడి ఎనిమిదో తరగతిలో నేను రాజుగారి విందు ఉపమానం మొదలుపెట్టిన సమయమది. తేదీలు రాసిపెట్టుకోవడం నాకు చిన్ననాటి అలవాటే గాని, ఇన్నేళ్లకు ఆ తేదీని మళ్లీ వెదకడానికి కారణం, నిన్న కడపలో ఒక కొత్త దుకాణం మీద ‘పెళ్లి బట్టలు అద్దెకు ఇవ్వబడును’ అన్న బోర్డు కనిపించడం.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు యేసు చెప్పిన ఉపమానాలూ, వాటి నీతీ బోధించడం నా పని. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ఒకే తరగతిలో కూర్చునేవారు. కథ వినడంలో అందరూ ఒక్కటే, నీతి దగ్గరకు వచ్చేసరికి కిటికీలోంచి బయటికి చూడడంలోనూ అందరూ ఒక్కటే. ఆ రోజు కథలో రాజు తన కుమారుని పెళ్లికి దారిన పోయేవారినందరినీ పిలిపిస్తాడు. వచ్చినవారిలో ఒకడు పెళ్లి వస్త్రం లేకుండా కూర్చున్నాడని కాళ్లూ చేతులూ కట్టించి చీకటిలోకి తోయిస్తాడు. పిలుపు అందితే చాలదు, దానికి తగినట్టు సిద్ధపడాలి అన్నది నీతి. నేనది బోర్డు మీద రాస్తుండగా, ఊరి బట్టలుతికే ఇంటి అమ్మాయి లేచి నిలబడింది.

“ఆయప్పకు ఆ ఊర్లో చాకలిల్లు యాడుండాదో ఎవురూ చెప్పల్యా టీచరమ్మా? మా నాయనైతే ఒక మంచి పంచె ఇచ్చింటాడు.”

“ఎవుని పంచె? మా నాయనదా?” అన్నాడు వెనక బెంచీలోని వాడొకడు.

“మీ నాయనది ఇయ్యములేప్పా. దాన్నిండా బొక్కలే.”

తరగతి అంతా నవ్వింది. ఆ ఊళ్లో పెళ్లి వచ్చిందంటే, లేనివారికి ఆ ఇంటి ఉతుకు మూటలోంచి ఒక పూటకు మంచి బట్ట వెళ్లేదనీ, మరునాడు మళ్లీ ఉతికి ఎవరిది వారికి చేరేదనీ నాకు అప్పుడే తెలిసింది. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఆ ఇంట్లో ఎనిమిదో తరగతి దాకా వచ్చినవారు ఆమెకు ముందు లేరు. మార్చిలో ప్రభుత్వ పరీక్ష ప్యాసైతే ఉపాధ్యాయ శిక్షణకు వెళ్లవచ్చని ఆశపడేది. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు.

క్రిస్మసు ముందు పిల్లలచేత ఆ ఉపమానాన్నే నాటకంగా ఆడించాలని హెడ్మాస్టరుగారు నిర్ణయించారు. అతిథులకు తగిన బట్టలు ఏ పిల్లవాడి ఇంట్లోనూ లేవు. అమ్మాయి తండ్రి అలవాటు చొప్పున ఒక మూట పంపాడు. అందరికీ పంచిన తర్వాత ఆమెకు తన పాత పావడా తప్ప ఏమీ మిగలనందున, పెళ్లి వస్త్రం లేని అతిథి వేషం ఆమెకే దక్కింది.

డిసెంబరు 18, శనివారం సాయంత్రం. రాజు ఆజ్ఞ మీద భటులు ఆమె చేతులు కడుతుండగా, ముందు వరుసలోంచి ఊరి పెద్దాయన భార్య లేచింది. ఊరంతా ఆమెను పెద్దమ్మ అనేది. విందు అతిథుల్లో చివర కూర్చున్న మరో పిల్ల వైపు వేలు చూపింది.

“ఏమే, ఆ పిల్ల కట్టుకున్న చీర నాది గదా! నా చీర నాకే చూపిస్తాండారా?”

ఆ సభలో చాలామంది ఏదో ఒక పెళ్లికి ఆ మూటలోని బట్ట కట్టినవారే. ఒక్కొక్కరే లేచి ఇళ్లకు బయలుదేరారు. నాటకం అక్కడే ఆగింది.

బడి కమిటీలో పెద్దాయన మాటకు ఎదురు లేదు. సోమవారం నుంచి అమ్మాయిని బడికి రావద్దన్నారు. నేను వెళ్లి పరీక్ష సంగతి చెప్పాను. హెడ్మాస్టరుగారు అంతా విని గడియారం వైపు చూశారు. పెద్దమ్మ ఇంటి బట్టలు బండి మీద పొరుగూరి చాకలికి వెళ్లసాగాయి. అవి చూసి మరికొన్ని ఇళ్ల బట్టలూ వెళ్లాయి.

జనవరి 21న పెద్దమ్మ కోడలు ప్రసవించింది. పురిటి బట్టలు ఇంటివారు ముట్టరు. పొరుగూరి చాకలి, పురుడు ఆ ఊరి చాకలింటి హక్కు అని మూటకు చెయ్యి తగిలించలేదు. కబురు పంపినా అమ్మాయి తల్లి వెళ్లలేదు. మూడోనాడు పెద్దమ్మే స్వయంగా అమ్మాయి తల్లి వాకిట నిలబడింది. ఆ వాకిటికి ఎదురుగానే నా బస గనుక ఆ మాటలు విన్నాను.

“నీకేమే, ఇంత పొగరు? పసిబిడ్డ ఉండే ఇల్లు అది.”

“నాకూ బిడ్డ ఉండాది పెద్దమ్మా. మా పాప రేపు బడికి పోతాదని మీ నోటితో చెప్పండి. ఇప్పుడే వచ్చి మూట ఎత్తుకుంటా.”

పెద్దమ్మ వీధి మొగదాకా నడిచి, వెనక్కి వచ్చింది. చివరికి, “పోనీలే, పొమ్మను,” అంది.

మరునాడు, సోమవారం, మొదటి గంటకే అమ్మాయి తన చోట కూర్చుంది. హాజరు సరిగ్గా సరిపోయింది. పరీక్ష ప్యాసైంది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అదే ఉపమానం చెప్పాను. నీతిని మార్చలేదు, దాన్ని మార్చే అధికారం నాది కాదు. కాని చివర ఆ అమ్మాయి ప్రశ్నను పిల్లల ముందు పెట్టి, కాసేపు ఆగేదాన్ని. ఇప్పటి పిల్లలకు అది విడమరచి చెప్పవలసి వస్తున్నది. బట్ట లేనివానికి ఊరు చాటుగా బట్ట కట్టబెట్టిన రోజులున్నాయంటే వారు నమ్మరు. ఇప్పుడు బోర్డు ఉంది, ధర ఉంది, చాటు లేదు.

పోయినవి: ఆ అమ్మాయికి అయిదు వారాల పాఠాలు, సగంలో ఆగిన నాటకం, పెద్దమ్మ మళ్లీ ఎన్నడూ కట్టని ఒక చీర, ఏటి ఒడ్డున ఉతుకురాళ్లు. మిగిలినవి: ఎర్రగుంట్ల వైపు ఒక బడిలో పంతులమ్మగా ఆ అమ్మాయి, ఆనాడు ఆమె అడిగిన ప్రశ్న.