బాలమల్లన్న ఖాళీగా వదిలిన గోడ

ఫ్లెక్సీలు రాకముందు బాన్సువాడలో ఏ దుకాణం పేరు చదివినా అది బాలమల్లన్న చేతిరాతే. ఎరువుల దుకాణం బోర్డు, దవాఖాన గోడ మీద పోలియో చుక్కల బొమ్మ, నా ఫోటో స్టూడియో పేరు, అన్నీ ఆయనవే. ఇప్పుడు ఎటు చూసినా ఫ్లెక్సీలే. నాలుగు ఎండలకే మొహాలు వెలిసిపోయే ఆ గుడ్డల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ ఊళ్ళో వాటిని ప్రింటు చేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఎక్కువ మాట్లాడటానికి నోరు రాదు.

ఎవరైనా ఫోటో ఇస్తే బాలమల్లన్న దాని మీద పెన్సిల్‌తో గళ్ళు గీసేవాడు. గోడ మీద సుద్ద దారంతో అవే గళ్ళు పెద్దవిగా కొట్టి, గడికి గడి దించేవాడు. ఫోటోలో లేనిది గోడ మీదికి రాదు. ఒకసారి ఒక లీడరు ఫోటోలో నీడ పడి చెవి సగమే కనిపించింది. ఈయన గోడ మీద కూడా సగం చెవే వేశాడు. లీడరు మనుషులు వచ్చి లొల్లి చేసినా మిగతా సగం వేయలేదు.

"నేను సూడని చెవి ఎట్ల ఏస్తనే?" అన్నాడు నాతో. అంతటి మొండిఘటం.

ముప్పై ఏళ్ళ కింద మహారాష్ట్ర సరిహద్దున మద్నూర్‌లో ఒక గోడ పనికి పోయినప్పుడు, మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాగితంలో ఆయనకు ఒక బొమ్మ దొరికింది. ఏదో మరాఠీ పత్రిక పేజీ. ఎర్రమట్టి గోడ ముందు ఒకామె కూర్చుని ఉంది. పని ఆపి కుడివైపు చూస్తోంది. ఎవరిని చూస్తోందో, దేన్ని చూస్తోందో తెలియదు. బజ్జీలవాడు కాగితాన్ని సరిగ్గా అక్కడే చింపాడు. మర్నాడు పోయి మిగతా ముక్క అడిగితే, "నిన్నటి బజ్జీలతోనే పాయె" అన్నాడట. కింద మరాఠీలో ఉన్నది ఒక లారీ డ్రైవరు చదివి పెట్టాడు. పేరున్న పెయింటరు వేసిన బొమ్మ, ముంబైలో మ్యూజియంలో ఉంది.

బాలమల్లన్న ఆ బొమ్మను తన ఇంట్లో, తలుపు పక్క గోడ మీద దించాడు. చిరిగిన భాగం వరకు వచ్చి ఆపేశాడు. మిగతాదంతా తెల్ల సున్నం. వాకిలి వెలుతురు అక్కడే పడుతుందని, ఆ తెల్ల గోడకే ఆనుకుని ఆయన భార్య గంగాబాయి వదినె బీడీలు చుట్టేది. అలసిపోతే చాట ఒళ్ళో పెట్టుకునే కునుకు తీసేది.

"ఊరందరి గోడలు నింపితివి. మనింట్ల గోడ మాత్రం బోడిగుంచితివి. ఒక చెట్టన్న ఎయ్యరాదయ్యా?" అని దెప్పేది.

"ఆమె చెట్టునే సూస్తున్నదని నీకెవరు జెప్పిండ్రు? బొంబై పోదాం. అసలుది జూసొచ్చినంక ఏస్త. నిన్ను గూడ తీస్కపోత."

ఆ పోవడం ఎలక్షన్ గోడలయ్యాక అనుకున్నారు. తర్వాత కూతురు సౌమ్య పరీక్షలయ్యాక అనుకున్నారు. ఆ తర్వాత వదినెకు మోకాళ్ళ నొప్పులు తగ్గాక అనుకున్నారు.

ఆరేళ్ళ కింద నేను ఆ కాగితాన్ని ఫోనుతో ఫోటో తీసి నెట్‌లో వెతికాను. నిమిషంలో బొమ్మ మొత్తం వచ్చింది. సంబరంగా చూపించబోతే ఆయన అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు హరీషూ. ఫోన్ల సూస్తె ఇగ పోవుడే ఉండది. రంగు ముంగట నిలవడి సూడాలె."

మర్నాడు వదినె ఆధార్ కార్డు జిరాక్సు అంటూ షాపుకొచ్చింది. జిరాక్సు తీశాక కూడా కదల్లేదు.

"గా బొమ్మ నాకు సూపియ్యవా?" అంది మెల్లగా.

చూపించాను. చాలాసేపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మీ అన్నకు జెప్పకు. ఆడికి పోయినంక ఆయన మొఖం నేను సూడాలె" అంది.

ఆ మొహం చూడకుండానే రెండేళ్ళకు గుండెపోటుతో పోయింది. బాలమల్లన్న బొంబై మాట ఎత్తడం మానేశాడు. ఖాళీ గోడకు ఎదురుగా కూర్చునేవాడు, అంతే. పోయిన జనవరిలో, నిజామాబాద్‌లో ఆఫీసు ఉద్యోగం చేసే సౌమ్య బొంబైకి రెండు టికెట్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. "కాకా, బాపును మీరే తీస్కపోవాలె" అంది. ఆయన నాతో రైలెక్కాడు.

మ్యూజియంలో ఆయన ఏ బొమ్మనూ దూరం నుంచి చూడలేదు. కళ్ళు లేని మొహాలు, విరిగినట్టున్న గుర్రాలు ఉన్నాయి. నాకైతే ఒక్కటీ తలకెక్కలేదు. ఆయన మాత్రం ప్రతిదాని అంచుకూ ముక్కు ఆనించినంత పని చేస్తున్నాడు. గార్డు రెండుసార్లు వెనక్కి జరగమన్నాడు. "హరీషూ, గిది సూడు, బ్రష్ ఎంట్రుక రంగుల్నే అంటుకున్నది. గింత పెద్దాయనకు గూడ ఊడుతదన్నట్టు" అని పిల్లాడిలా మురిసిపోయాడు.

మూడో గదిలో ఎర్రమట్టి గోడ కనిపించింది.

కుడివైపు ఇంకొకామె ఉంది. అదే గోడకు తల ఆనించి, కాళ్ళు చాపుకుని, ఒళ్ళో చాటతోనే నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. మొదటామె పని ఆపి ఆమెనే చూస్తోంది.

బాలమల్లన్న బొటనవేలు గాలిలో పెట్టి గళ్ళు లెక్క కట్టాడు. ఒక గడి, రెండు, మూడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. వెనక్కి నడిచి బెంచీ మీద కూలబడ్డాడు.

"రోజూ ఆడనే గూసున్నది గదనే. నేను గా బొమ్మనే సూసుకుంట ఉంటి."

నాకు దుఃఖం ఆగలేదు. ఆరేళ్ళుగా దాచింది చెప్పేశాను. "వదినె చూసిందన్నా, నా ఫోన్ల."

"ఏమన్నది?"

"నవ్వింది. ఆడికి పోయినంక నీ మొఖం సూడాలె అన్నది."

ఆయన కళ్ళజోడు తీసి నా వైపు తిరిగాడు. "ఎట్లున్నదే నా మొఖం?" అని అడిగాడు. నలభై ఏళ్ళుగా ఊరందరి మొహాలూ ఫోటో తీసినవాణ్ణి, ఆ మొహం వైపు చూడలేకపోయాను.

తిరిగొచ్చిన వారానికే రంగులు కొన్నాడు. బ్రష్షులు కడిగాడు. గోడ మీద గళ్ళు కూడా కొట్టాడు. కానీ వదినె తల ఆనించిన చోట కొబ్బరినూనె మరక ఉంది. నూనె మీద రంగు నిలవదు. ముందు ఆ మరక గీకి, సున్నం కొట్టాలి.

గీకుతానని నేను రెండుసార్లు పోయాను. బాలమల్లన్న గీకనివ్వలేదు.