సున్నాగారి ఆస్తి

కలప కోత మిల్లు యజమానికి ఉన్నది ఒక్కటే పిచ్చి. తన పేరు మీద ఏదీ ఉండకూడదు. ఇల్లు భార్యది, స్కూటరు బావమరిదిది, వాలుకుర్చీ అత్తగారిది. అందరూ ఆయన్ని సున్నాగారు అనేవారు. ఆయన దాన్ని బిరుదులా పుచ్చుకున్నాడు.

కాగితం మీద రాసి ఊరుకుంటే భార్యకి ఇంత అవస్థ ఉండేది కాదు. ఆయన దాన్ని పాటించేవాడు కూడా.

"అత్తయ్యగారూ, కాసేపు కూర్చోమంటారా?"

"నిన్న కూర్చున్నారుగా బాబూ," అనేది ఆవిడ పేపరు దించకుండా.

"ఏమోయ్, నీ గోడకి ఒక మేకు కొట్టుకోవచ్చా?"

"నా నెత్తిన కొట్టండి," అనేది భార్య.

మిల్లుకి వెళ్లాలంటే నడిచి బావమరిది ఇంటికి పోయి స్కూటరు తాళం అడిగేవాడు. మిల్లు ఆ దారిలోనే ఉండేది.

ఎవరు కనిపించినా ఉచిత సలహా ఒకటి ఉండేది. "అప్పు పుట్టకముందే రాసెయ్యాలోయ్. పుట్టాక రాశావో, కోర్టు చెవి పట్టుకుని వెనక్కి లాక్కొస్తుంది."

నవ్వేవాళ్లకి ఆయన చిన్నతనం తెలియదు. తండ్రి ఎవరికో హామీ ఉన్నాడు. జప్తువాళ్లు వచ్చి, జ్వరంతో ఉన్న తల్లిని కిందికి దింపి మంచం పట్టుకుపోయారు. ఆమె ఆ నేల మీద నుంచి మళ్లీ లేవలేదు.

భార్యకి అర్థంకానిది ఒక్కటే. మిల్లు మాత్రం ఆయన పేరునే ఉంది.

"ముప్పంతా అక్కడేగా. దాన్నెందుకు వదిలేశారు?"

"చూద్దాంలే."

రంపం పళ్లకి అడ్డుండే తొడుగు విరిగినప్పుడు కూడా ఆయన చూద్దాంలే అన్నాడు. వారం తిరక్కముందే కోతమేస్త్రీ కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

మేస్త్రీ ఇంకా ఆసుపత్రిలో ఉండగానే లాయరు ఇంటికొచ్చాడు. "మిల్లు అమ్మగారి పేర రాసేద్దాం. పాత తేదీ వేస్తే సరి."

భార్య కలం వెతికి తెచ్చింది. సిగ్గు వేయకపోలేదు. కానీ ఇంటికి తిండి పెట్టేది ఆ మిల్లే. అది పోతే ఈ గోడల్ని కొరుక్కు తినాలి.

"వద్దు," అన్నాడు సున్నాగారు. రెండు రోజులుగా ఆయన అన్నం ముట్టలేదు. "చేతులు పోయేది అక్కడేనని నాకు తెలుసు. పోయినవాడు రేపు కోర్టుకెక్కితే వాడికి ఏదో ఒకటి దొరకాలా, వద్దా? అందుకే దాన్ని నా పేరున ఉంచాను."

భార్య కలానికి మూత పెట్టేసింది.

తీరా చూస్తే మేస్త్రీ దావా వేయనన్నాడు. "మీ మీద కోర్టుకెక్కడమా బాబుగారూ? కళ్లు పోతాయి."

"చెయ్యి పోయింది చాల్లే. వెయ్యి."

ఆయనే వెంటబడి, మేస్త్రీ తరఫున ఒక గట్టి లాయరమ్మని కుదిర్చి మరీ వేయించాడు.

కోర్టులో సున్నాగారి లాయరు గంటసేపు దంచాడు. పనివాడు పరధ్యానంగా ఉన్నాడట, తప్పంతా పనివాడిదేనట.

జడ్జిగారు సున్నాగారి వైపు తిరిగారు. "మీరూ అదే అంటారా?"

"లేదండీ. తప్పు నాది."

ఇన్నేళ్ల కాపురంలో ఏ వస్తువు గురించీ ఆయన నాది అనగా భార్య వినలేదు. లాయరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, ఇంక పెట్టుకోలేదు.

నష్టపరిహారం కింద మిల్లు మేస్త్రీకి దఖలు పడింది. కోర్టు మెట్ల మీద అతను గెలిచినవాడిలా లేడు. ఎడంచేత్తో కళ్లు తుడుచుకుంటూ, "ఇక మీరేం చేస్తారు బాబుగారూ?" అన్నాడు.

"దుంగలు తొయ్యడానికి నీకు రెండు చేతులున్నవాడు కావాలా, వద్దా?"

మేస్త్రీ తెల్లబోయాడు. "కావాలి గానీ... యజమానన్నాక కేకలెయ్యాలి కదండీ. మిమ్మల్ని కేకలెయ్యడం నా వల్ల కాదు."

"ఆ పని నాకొదిలెయ్ నాయనా," అంది భార్య.