పక్కింటి మట్టి

పశువుల ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లుగా కుక్కల మలాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూడటమే ఆయన ఉద్యోగం. వీధిలోవాళ్లు ఏలికపాముల మామయ్య అని పిలుచుకుంటారు, ఆయన వినకుండా. కుక్కతో ఎవరైనా ఎదురుపడ్డారో, వాళ్ల పని అయిపోయినట్టే. కుక్క కడుపులోని ఏలికపాములు పెట్టే గుడ్లు మలంతోపాటు నేలలో కలుస్తాయని, కంటికి ఆనవని, ఎండకూ వానకూ లొంగక ఏళ్ల తరబడి ఉంటాయని, మట్టిచేతులు నోట్లో పెట్టుకునే పిల్లలకు ఒక్కోసారి కంటిచూపుకే ఎసరు పెడతాయని గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. చెప్పేది అక్షరాలా నిజం. అదే వచ్చిన చిక్కు, నిజం చెప్పేవాడి నోరు ఎవరు మూయగలరు?

ఆయనకూ ఓ కుక్క ఉంది. మూడు నెలలకోసారి రొట్టెముక్కలో ఏలికపాములు పోయే మాత్ర దాచి స్వయంగా పెడతాడు. అది తోక ఊపుతూ అందుకుని పెరట్లోకి పరుగెత్తుతుంది. ఆయన తృప్తిగా క్యాలెండరులో టిక్కు పెట్టుకుంటాడు.

ఓ రోజు పెరడు ఊడుస్తూ పూలకుండీ జరిపిన భార్యకు దాని వెనక ఐదు మాత్రలు కనబడ్డాయి. రొట్టె తిని మాత్ర ఉమ్మేసే తెలివి కుక్కకుంది, అది మింగిందాకా చూసే ఓపిక ఈయనకు లేదు. చెప్పబోతే, నాకే నేర్పుతావా అని గంటసేపు పాఠం చెప్పాడు. ఆవిడకు ఒళ్లు మండింది. అంతకు మించి భయం వేసింది. ఆ కుండీ పక్కనే మూడేళ్ల మనవరాలు రోజూ మట్టితో వంట చేసి, ముందు తానే రుచి చూస్తుంది.

మర్నాడు ఆయన క్యారియర్‌తోపాటు చిన్న డబ్బాలో మట్టి పెట్టి, పక్కింటివాళ్లది, కాస్త చూసిపెట్టమంది.

సాయంత్రం ఆయన చెప్పులైనా విప్పలేదు.

"స్లైడు నిండా గుడ్లే. వీళ్లసలు కుక్కను పెంచడానికి తగరు. ఇప్పుడే వెళ్లి కడిగేసి వస్తా."

ఆవిడ అడ్డం నిలబడి, ఆయన అరచేతిలో ఐదు మాత్రలూ పోసింది.

"అది మన పెరటి మట్టేనండి. కుండీ పక్కది."

పెరట్లోంచి మనవరాలు గరిటె ఎత్తి పట్టుకుని, అన్నం వండేశాను రమ్మని తాతను పిలుస్తోంది. మూతి చుట్టూ మట్టి. పిల్లను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన కూతురి స్కూటరు గేటు దగ్గర ఆగింది. ఎన్ని వందలమంది తల్లులకు చెప్పిన మాటో అది, ఇప్పుడు సొంత కూతురికి చెప్పాలి.

"అమ్మా, రేపు పిల్లను డాక్టరుకు చూపిద్దాం," అన్నాడు ఎదురెళ్లి.

ఎందుకని కూతురు అడిగింది. ఆయన పిడికిలి విప్పి మాత్రలు చూపించాడు.